డ్రైవర్ నిద్రను కిరాయికివ్వకు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

టెంపో ట్రావెలర్ కొంటున్నావనీ, పన్నెండు సీట్లదా పదిహేడు సీట్లదా తేల్చుకోలేకపోతున్నావనీ అక్కయ్య ఫోన్‌లో చెప్పింది. కిరాయిలకు తిప్పుకుంటూ ఇంట్లో శుభకార్యాలకు కూడా వాడుకోవచ్చన్న నీ ఆలోచన మంచిదే. ఇంజన్ గురించీ మైలేజీ గురించీ చెప్పేవాళ్లు నీకు చాలామంది దొరుకుతారు. చాలాకాలం ఇలాంటి బండి మీదే ఇల్లు నడిపినవాణ్ణి కనుక నేను డ్రైవర్ గురించి రాస్తున్నాను.

హైదరాబాద్ నుంచి తిరుపతి దాదాపు 560 కిలోమీటర్లు. రాత్రి భోజనాలయ్యాక బయల్దేరతారు. కర్నూలు దాటేసరికి వెనకున్నవాళ్లంతా నిద్రలో ఉంటారు. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు దాకా ఒళ్లు నిద్రను గట్టిగా అడుగుతుంది. ఎంత అనుభవమున్న డ్రైవరైనా దానికి అతీతుడు కాడు. పొద్దున్నే వాళ్లను కొండ మీద దింపుతాడు. వాళ్లు క్యూలోకి వెళ్తారు. అతను పార్కింగ్‌లో, ఎండకు కాలిపోతున్న బండిలో, ఏసీ లేకుండా, ఫోన్ ఎప్పుడు మోగుతుందోనని చెవి అటే పెట్టి పడుకుంటాడు. దాన్ని నిద్ర అనకూడదు నాయనా. దర్శనమయ్యాక ఇంతదూరం వచ్చాం కదా, కాణిపాకం, శ్రీకాళహస్తి కూడా చూసేద్దామంటారు. మర్నాడు ఆఫీసులుంటాయి కనుక ఆ రాత్రికే తిరుగు ప్రయాణం. ఆగి ఉన్న లారీని తెల్లవారుజామున వ్యాన్ ఢీకొట్టిందన్న వార్త చదివినప్పుడల్లా, ఆ డ్రైవర్‌కు అది ఎన్నో రాత్రో అన్నవైపే నా ఆలోచన పోతుంది.

‘నావల్ల కావడం లేదు, గంట పడుకుంటాను’ అని అతను అనలేడు. అంటే పార్టీవాళ్లు ఓనర్‌కు ఫోన్ చేస్తారు. బత్తాలో కోత పడుతుందేమో, ఇంకో ట్రిప్పుకు పిలవరేమో అని అతని భయం. కాబట్టి ఆ మాట అనాల్సింది నువ్వు. అదీ అడ్వాన్స్ తీసుకునేటప్పుడే అనాలి, అర్ధరాత్రి ఫోన్‌లో చెబితే ఎవరూ వినరు. ‘డ్రైవర్‌కు గది ఇప్పించాలి, ఏడు గంటలు అతన్ని లేపకూడదు. కుదరదంటే ఇద్దరిని పంపుతాను, రెండో బత్తా కూడా మీరే ఇచ్చుకోవాలి’ అని మొహమాటం లేకుండా చెప్పు. కొందరు వేరే బండి చూసుకుంటారు. చూసుకోనీ. ముసలివాళ్లనూ పిల్లల్నీ వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లలో ఈ మాటకు ఒప్పుకునేవాళ్లు నువ్వనుకున్నదానికన్నా ఎక్కువమందే ఉంటారు.

ఇది నీ దయ మీద ఆధారపడిన సంగతి కూడా కాదు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, వరసగా 5 గంటలు నడిపితే కనీసం అరగంట విశ్రాంతి అని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. ఆ పనిగంటలే రవాణా వాహనాల డ్రైవర్లకు వర్తిస్తాయని 1988 మోటారు వాహనాల చట్టం మళ్లీ చెప్పింది. ఒక్క బండి ఉన్నవాడికీ అది వర్తిస్తుంది.

శబరిమల సీజన్‌లో నీకు బుకింగులు బాగా వస్తాయి. అంతదూరానికి ఒక్క డ్రైవర్‌ను పంపకు. ఇద్దరిని పంపితే రెండోవాడు నడుం వాల్చడానికి చోటు కావాలి, అంటే వెనక సీట్లు కొన్ని అమ్మకుండా వదిలెయ్యాలి. శ్రీశైలం దారిది ఇంకో చిక్కు. నల్లమలలో పులుల అభయారణ్యం ఉంది కనుక మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బళ్లను వదలరు. గేటు పడేలోగా దాటాలని తొందరపెట్టి తోలించే పార్టీలుంటాయి. అందకపోతే అచ్చంపేటలో పడుకోమని నువ్వే ముందు చెప్పి పంపు.

డ్రైవర్‌ను పెట్టుకునేటప్పుడు లైసెన్సు ఒక్కటే చూసి ఊరుకోకు. బండి మొత్తం బరువు 7,500 కిలోల లోపైతే ఎల్‌ఎంవీ లైసెన్సుతో రవాణా వాహనం నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. చట్టానికి అది చాలు, నీకు చాలదు. అతన్ని ఘాట్ రోడ్డుకు తీసుకెళ్లి పక్కన కూర్చో. ఎక్కిన గేర్‌లోనే దిగుతున్నాడా, బ్రేక్ మీదే కాలుపెట్టి దిగుతున్నాడా చూడు. అదేపనిగా తొక్కితే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేవాడైతే అసలే వద్దు. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లు గేర్‌లో ఉండి పల్లానికి దిగుతున్నప్పుడు డీజిల్‌ను వాటంతటవే ఆపేస్తాయి. న్యూట్రల్ వల్ల మిగిలేదేమీ లేదు, ఇంజన్ ఇచ్చే ఆపుదల మాత్రం పోతుంది.

ఇక పెళ్లివాళ్లు ‘పిల్లలే కదా, ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం’ అంటారు. ఒప్పుకోకు. సామాన్లన్నీ టాప్ మీదికి ఎక్కించనివ్వకు, మలుపుల్లో బండి ఒరుగుతుంది. వైట్ ప్లేట్‌తో తిప్పుకుంటే ట్యాక్స్, పర్మిట్ ఖర్చు మిగులుతుందని ఎవరైనా చెప్పినా వినకు. కిరాయి మీద ఉండగా ప్రమాదం జరిగితే సొంత వాడకానికి తీసుకున్న ఇన్సూరెన్స్ నిన్ను ఆదుకోదు. బండిలో ఉన్నవాళ్ల నష్టం నీ ఇంటి మీదికొస్తుంది.

ఇవన్నీ తెలిసినవాళ్లు కూడా డ్రైవర్‌ను రెండో రాత్రి ఎందుకు తోలిస్తారో తెలుసా? కిస్తీ కోసం. నెలనెలా పెద్ద కిస్తీ కట్టాల్సినవాడు ఏ పార్టీకీ కుదరదని చెప్పలేడు. అందుకే నీకు పన్నెండు సీట్లదే మేలని నా అభిప్రాయం. కార్తీకంలో బండికి తీరిక ఉండదు. ఆషాఢంలో, మూఢాల్లో పెళ్లి కిరాయిలుండవు. ఆ ఖాళీ నెలల్లో కూడా ఏ ట్రిప్పు కోసమూ వెంపర్లాడకుండా కట్టగలిగినంతే అప్పు చెయ్యి. అవసరమైతే ఇంకో ఏడాది ఆగి డౌన్ పేమెంట్ పెంచుకో.

లోన్ కాగితం మీద సంతకం పెట్టేముందు లెక్క రాసి నాకు పంపు. అందులో డ్రైవర్ జీతం, బత్తాతో పాటు అతని గది ఖర్చును వేరే పద్దుగా చూపించు. అక్కయ్యకూ బావగారికీ నా నమస్కారాలు.

ఆశీస్సులతో,
మామయ్య