ధార పడిన నేల

హైదరాబాదునుండి యాదగిరిగుట్టకు నరసింహస్వామి దర్శనార్థము పోవు యాత్రికులు భువనగిరి చేరకమునుపే ప్రధానమార్గము విడిచి కొన్ని మైళ్ళు ప్రక్కకు పోయినచో పోచంపల్లి వచ్చును. పట్టుచీరల ఊరుగా దానిని ఎరుగని ఇల్లాలుండదు. చిరకాలము నల్లగొండ జిల్లాలో ఉండిన ఆ గ్రామము 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాకు చెందినది. దాని పేరుకు ముందు ‘భూదాన్’ అను మాట ఏల చేరినదో అడిగి తెలుసుకొనువారు మాత్రము తక్కువ.

1951 ఏప్రిల్ 18వ తేది. సాయుధ పోరాటమును, దాని అణచివేతయు తెలంగాణ పల్లెలను కుదిపివేసిన కాలమది. శివరామపల్లి సర్వోదయ సమ్మేళనము ముగించుకొని ఆచార్య వినోబా భావే కాలినడకన పోచంపల్లి చేరిరి. దళితవాడకు పోయి అచటివారి స్థితిగతులు విచారించిరి. ఆ నలువది కుటుంబములవారు అన్నము అడుగలేదు, వస్త్రము అడుగలేదు. దున్నుకొనుటకు నేల కావలెననిరి. ఎంత యని అడుగగా 80 ఎకరములు, సగము తరి, సగము ఖుష్కి, చాలుననిరి. ప్రభుత్వమునకు వ్రాయుదమని మొదట తలచిన వినోబాజీ, ఊరివారే ఏమైన చేయగలరాయని ఎదుటనున్నవారిని ప్రశ్నించిరి. వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి 100 ఎకరములు ఇచ్చెదననిరి. అడిగినదానికంటె ఇరువది ఎక్కువ!

ఇచ్చట ఒక ధర్మసందేహము కలుగును. తనది ఇచ్చుట దానము. భూమి ఎవరిది? మన సిద్ధాంతమున శ్రీమన్నారాయణుడు శేషి, జీవుడు శేషుడు. సర్వమును ఆయన సొత్తే. అట్లయినచో దాత ఇచ్చినదేమి? భాగవత సప్తమస్కంధమున నారదుడు ధర్మరాజునకు గృహస్థధర్మము చెప్పుచు, కడుపు నిండునంతవరకే జీవికి హక్కు కలదనియు, అంతకు మించినదానిని తనదనుకొనువాడు చోరుడనియు నిష్కర్షగా పలికెను. మన ఇండ్లలో ఈ ఘట్టము పారాయణ జరుగుచునే యున్నది గాని, గాదె యెదుట నిలిచి దానిని జ్ఞప్తికి తెచ్చుకొనుట అరుదు.

వినోబాజీ కోరినదియు భిక్ష కాదు. ఐదుగురు కొడుకులున్న ఇంట తనను ఆరవవానిగా ఎంచి భాగము పంచుమనిరి. భిక్ష గొనినవాడు తల వంచుకొని పోవును. భాగము పొందినవాడు అదే పంక్తిలో కూర్చుండును. సత్రమున పంకా రెక్కలపై పేరు వ్రాయించుకొను మనకు ఈ భేదము వెంటనే తట్టకపోవచ్చును.

భాగమే అయినచో రామచంద్రారెడ్డి గారి గొప్పతనమేమని కొందరడుగుదురు. పోరాటభయముననే భూస్వాములు నేల విడిచిరని మరికొందరందురు. కొందరి విషయమున అది నిజము కావచ్చును. అయినను, చట్టము చేయిపట్టి లాగకముందే, నలుగురి యెదుట, అడిగినంతకు మించి విడుచుట తేలికయని నేననజాలను. మన గట్టు జరిగి జానెడు నేల పొరుగువానికి పోయినచో మనకు నిద్ర పట్టునా?

ఇక బలిచక్రవర్తి కథను చూడుడు. అతడు మాట ఇచ్చిన పిమ్మటనే అసలు చిక్కు వచ్చినది. ధార పడకుండ శుక్రాచార్యుడు కలశరంధ్రమునకు అడ్డుపడెను. భూదానమునకును ఇంచుమించు అదియే జరిగినది. 5 కోట్ల ఎకరములు సేకరింపవలెనని సంకల్పింపగా దేశమంతట లభించినది అందు పదవవంతైనను కాలేదు. లభించినదానిలో రాళ్ళనేలలు, వ్యాజ్యములలో చిక్కినవి పెక్కు. ఆంధ్రప్రదేశమున 1965లో భూదాన, గ్రామదాన చట్టము వచ్చినది. అయినను, హైదరాబాదు చుట్టుపట్ల నేలకు ధర పెరిగిన పిమ్మట భూదాన భూములపై తగవులు న్యాయస్థానములకెక్కినవి. సభలో పలికిన మాటకును, పేదవాని పేర పట్టా చేరి హద్దురాయి పడుటకును నడుమ ఎందరు శుక్రులో! ఒక తరము ఇచ్చినదానిని మరుతరము మరచుటయు అందొకటి. ఇచ్చితినని చేతులు కడుగుకొనిన దాత కూడ ఆ అడ్డులో కొంత భాగస్వామియే యని నాకు తోచును.

వామనుడు మూడడుగులు కొలుచుకొని వెడలిపోలేదు. సుతలమున బలి వాకిట గద చేతబట్టి కావలి నిలిచెను. గుట్టకు పోవు దారిలో పోచంపల్లిలో దిగువారు, చీరల బేరమునకు ముందు, అచటి వినోబా మందిరము చూడవచ్చును. చూచి, నాడు నేల అడిగిన ఆ వాడలోని ఇండ్లకు ఆ నేల ఎంత చేరినది, ఎంత నిలిచినదియని కూడ ఊరి పెద్దలను అడుగవచ్చును.