వేలు పెట్టి చూపించు

ఒరేయ్ చిన్నా,

నిన్న ఫోన్లో “పెద్దమ్మా, నడుం పట్టేసింది” అన్నావు. నడుం ఎక్కడ్రా అని అడిగితే కాసేపు నసిగి, “అదే, కూర్చునే చోట, కుడిపక్క” అన్నావు. నవ్వొచ్చింది. ఇన్నేళ్ళు ఫిజియోథెరపీ చేశాను కదా, నా బల్ల ఎక్కినవాళ్ళు చాలామంది నడుం అనే మొదలుపెట్టేవాళ్ళు. పిర్ర అనడానికి సిగ్గు. ఆ సిగ్గుతోనే నడుముకి ఎక్స్‌రేలు తీయించుకుని, నడుముకి బెల్టు కట్టుకుని, నొప్పిని మాత్రం ఉన్నచోటే ఉంచుకున్నవాళ్ళని చూశాను.

మందు సంగతి తర్వాత. ముందు ఒక్క వేలు పెట్టి ఎక్కడుందో చూపించు. అరచెయ్యి వేసి “ఇక్కడంతా” అనకు.

వేలు గజ్జల్లోకి పోయి, సాక్సు తొడుక్కోడానికి కాలు మడుస్తుంటే అక్కడ పొడిచిందనుకో, అది తుంటి కీలు లోపలి గొడవ. స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్ళకీ, మందు బాగా తాగేవాళ్ళకీ తొడ ఎముక తలకాయకి రక్తం అందక లోలోపల దెబ్బతింటుంది. మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎమ్మారైలో బయటపడుతుంది. దానికి ఎన్ని మాలిష్‌లు చేసినా దండగే, ఎముకల డాక్టరు దగ్గరికి పోవాలి.

వేలు ప్యాంటు పక్క జేబు దగ్గర, బయటికి పొడుచుకొచ్చిన ఎముక గుబ్బ మీద పడితే కథ వేరు. పిర్ర కండరాలు ఆ గుబ్బకి అతుక్కునే చోట అరుగుదల. నలభై దాటిన ఆడవాళ్ళకి ఎక్కువ. ఆ పక్కకి తిరిగి పడుకోలేరు. ఇక్కడ నేను చేసిన తప్పొకటి చెప్పాలి. ఉద్యోగం కొత్తలో ఒక టీచరమ్మ ఇదే నొప్పితో వస్తే, నొప్పి ఉన్నచోటే రుద్దాలని సరిగ్గా ఆ గుబ్బ మీదే పది రోజులు రుద్దాను. పైగా కాలు మీద కాలు వేసి లాగే సాగతీత నేర్పాను. పదకొండో రోజున ఆవిడ కుంటుకుంటూ వచ్చింది, నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బావుండేది. ఎముకకీ నా బొటనవేలికీ మధ్య నలుగుతున్నది కండరం కొస అని నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆస్ట్రేలియా వాళ్ళు 204 మంది మీద చేసిన పరీక్ష వచ్చింది. ఎలా కూర్చోవాలో, ఎలా నిలబడాలో చెప్పి వ్యాయామం నేర్పినవాళ్ళకి ఎనిమిది వారాల్లో స్టెరాయిడ్ సూది వేయించుకున్నవాళ్ళకన్నా ఎక్కువ గుణం కనిపించింది. అది చదివినప్పుడు మళ్ళీ ఆ టీచరమ్మే గుర్తొచ్చింది.

ఇక నీది. నువ్వు చెప్పినదాన్ని బట్టి వేలు పిర్ర నడిమధ్యలో పడింది. కూర్చుంటే ఎక్కువ, లేచి తిరిగితే తక్కువ, తొడ వెనక్కి లాగుడు. అక్కడ పైనున్న పెద్ద కండరం కింద, నడుం దిగువ పలక ఎముక నుంచి తుంటి గుబ్బ దాకా అడ్డంగా ఒక చిన్న కండరం ఉంటుంది. పిరిఫార్మిస్ అంటారు. ఒంట్లోకెల్లా లావైన నరం, బొటనవేలంత ఉండే సయాటిక్ నరం, దాని కిందనుంచే కాల్లోకి దిగుతుంది. కొందరికైతే ఆ కండరాన్ని చీల్చుకునే పోతుంది. కండరం బిగిస్తే నరానికి ఇరుకు. నీ వెనక జేబులో ఆ పర్సు ఉంది చూడు, ఇటికరాయంత, అది సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. క్రెడిట్ కార్డులు కుక్కిన పర్సు వల్ల సయాటికా వస్తోందని 1978లోనే అమెరికా వైద్యపత్రికలో రాశారు. అప్పటికి మన ఊళ్ళో క్రెడిట్ కార్డు అంటే ఏమిటో ఎవరికీ తెలీదు.

అయినా నా మాట మీదే ఉండిపోకు. నొప్పి మోకాలు దాటి పాదం దాకా దిగినా, దగ్గినప్పుడు తుమ్మినప్పుడు జివ్వుమన్నా అది నడుములో డిస్కుది కావొచ్చు. బొటనవేలు పైకెత్తే బలం తగ్గితే ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించు. కూర్చునే చోటంతా మొద్దుబారినా, ఒంటేలు బిగబట్టినట్టయినా, ఆపుకోలేకపోయినా అది అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి పోవాల్సిన విషయం. తెల్లారనీ అనుకోకు.

చేతి వైద్యం ఎలా ఉండాలో చెబుతాను, ఎవరి దగ్గరికి వెళ్ళినా నువ్వే తేల్చుకోవచ్చు. నేనైతే బోర్లా పడుకోబెట్టి, పొట్ట కింద దిండు పెట్టి, మొదట ఊరికే అరచెయ్యి ఆనించి ఉంచుతాను. పై కండరం బిగుసుకుని ఉంటే కిందది చేతికందదు. అది వదిలాక పలక ఎముక అంచుకీ తుంటి గుబ్బకీ మధ్య గీత గీసినట్టు అనుకుని, ఆ గీత మధ్యలో బొటనవేళ్ళతో మెల్లగా దిగుతాను. తాడులా తగులుతుంది. తగిలాక రుద్దను, అర నిమిషం, ముప్పావు నిమిషం అలా ఆపి ఉంచుతాను. నానిన చింతపండులా మెత్తబడటం వేళ్ళకి తెలుస్తుంది. కాల్లోకి కరెంటు పాకినట్టుందన్నావా, చెయ్యి ఎత్తేస్తాను. ఎందుకంటే నా వేలి కింద ఉన్నది నరం. ఓర్చుకో ఓర్చుకో అంటూ ఇంకా గట్టిగా నొక్కేవాడి దగ్గర నుంచి లేచి వచ్చెయ్.

“ఎముక పక్కకి జరిగింది, సరిచేశాను” అని టప్‌మనిపించే వాళ్ళనీ నమ్మకు. ఆ చప్పుడు కీలులోని ద్రవంలో గాలిబుడగ చేసేది. పిర్ర పైన ఉండే ఆ కీలు కదిలేదే ఒకటి రెండు మిల్లీమీటర్లు, ఎక్కడికి జరుగుతుంది? హాయిగా ఉంటే ఉండొచ్చు, కానీ నీ ఎముకలు వాటి చోటే ఉన్నాయి. అన్నట్టు, వీధి చివర ఆరెంపీ డాక్టరు చేత నొప్పి ఉన్న పక్కనే ఇంజెక్షను పొడిపించుకోకు. పిర్రని నాలుగు భాగాలు చేస్తే పైన, బయటివైపు భాగంలోనే వెయ్యాలి. కిందకో లోపలికో తప్పితే సూది తగిలేది ఆ నరానికే.

ఒకటి నిజం చెప్పాలి. చేత్తో ఇచ్చిన సుఖం గంటలో, మహా అయితే ఒకట్రెండు రోజులో ఉంటుంది. కండరం నిజంగా వదిలిందా, నరాల బెదురు తగ్గిందా అని చదువుకున్నవాళ్ళు ఇంకా వాదించుకుంటున్నారు. ఏదైతేనేం, ఆ సడలింపు ఉండగానే నువ్వు పని చెయ్యాలి. వెల్లకిలా పడుకుని కుడి మడమ ఎడమ మోకాలి మీద పెట్టి, ఎడమ తొడని గుండెలకేసి లాక్కో. అర నిమిషం చొప్పున మూడుసార్లు. తర్వాత మోకాళ్ళు మడిచి పిర్రలు పైకెత్తి దించు, పదిసార్లు. ఇంట్లో నీకు నొక్కేవాళ్ళు లేరు కాబట్టి టెన్నిస్ బంతి గోడకి ఆనించి దానిమీద వాలు. నేలమీద పెట్టి ఎక్కి కూర్చోకు, బరువంతా పడుతుంది. మీ అమ్మ ఉప్పు మూట కాపడం పెడతానంటే పెట్టించుకో, వెచ్చదనం మంచిదే. రాత్రి ఎడమపక్కకి తిరిగి మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకో.

మేం చదువుకునే రోజుల్లో కండరాల నొప్పి మీద జానెట్ ట్రావెల్ రాసిన లావుపాటి పుస్తకం ఉండేది. పిర్ర లోపలి ఒక చిన్న కండరంలో ముడి పడితే అచ్చం సయాటికాలాగే కాలంతా నొప్పి పుడుతుందని బొమ్మలు వేసి చూపించింది ఆవిడ. 1961లో కెనడీకి వైట్‌హౌస్ వైద్యురాలు. ఆయన నడుం నొప్పికి ఊగే కుర్చీలో కూర్చోమని చెప్పింది ఆవిడే. కదలకుండా కూర్చోవద్దని ఒక దేశాధ్యక్షుడికే చెప్పాక, గచ్చిబౌలిలో పది గంటలు కుర్చీకి అతుక్కునే నీకు నేను వేరే ఏం చెప్పను? అరగంటకోసారి లేచి మంచినీళ్ళ దగ్గరికి నడిచిరా. మీటింగు మధ్యలో లేస్తే ఎవడేమనుకుంటాడో అని నీకు బెంగ. మీ తాతగారు పేరంటం మధ్యలో అందరి ముందూ నన్ను పిలిచి “నడుం తొక్కవే” అనేవారు. ఆ మనిషి మనవడివి.

పక్క నెల వచ్చేటప్పుడు కారు నువ్వే నడపకు, రైల్లో రా. ఆదివారం ఫోన్ చేసి పర్సు ఏ జేబులోకి మారిందో ముందు చెప్పు, నొప్పి సంగతి తర్వాత వింటాను.

మీ పెద్దమ్మ