అంకె అడగాలా, పేరు అడగాలా

ఒకప్పుడు లండన్‌లో చచ్చిపోయినవాళ్ళకు కూడా రైలు టికెట్టు కొనేవారు. 1854లో సర్రే కౌంటీలో బ్రూక్‌వుడ్ శ్మశానం తెరిచాక, వాటర్లూ దగ్గర కట్టిన ప్రత్యేక స్టేషన్ నుంచి శవపేటికలు రైల్లో అక్కడికి వెళ్ళేవి. వెంట వెళ్ళే బంధువులు తిరిగొచ్చేందుకు కూడా కలిపి టికెట్టు కొనేవారు, పేటికకు పోవడానికి మాత్రమే. ఫస్టు, సెకండు, థర్డు క్లాసులు పేటికలకూ ఉండేవి. 1917లో ఆ శ్మశానంలో కొంత భాగాన్ని సైనికులకు కేటాయించారు. ఆ భాగంలో క్లాసులు ఉండకూడదన్నది నియమం. ఇప్పుడది 37 ఎకరాలు, బ్రిటన్‌లోని కామన్‌వెల్త్ సైనిక శ్మశానాలన్నిటిలోకీ పెద్దది.

దగ్గర్లోని వోకింగ్‌లో ఉండే ఉమ తెలిసినవాళ్ళ పిల్లల కోసం అక్కడ ఒక ట్రెజర్ హంట్ తయారుచేసింది. ఆమెను చూడ్డానికి మేనమామ వెళ్ళారు. మద్రాస్ సాపర్స్ అనే ఇంజినీరింగ్ దళంలో సుబేదారుగా రిటైరైన మనిషి. ఊరు తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం, అదే, అందరూ మిలిటరీ మాధవరం అంటారే, ఆ ఊరు. క్లూల కాగితం ఆయన చేతిలో పడ్డాక జరిగిన సంభాషణ ఇది.

మామయ్య: "మేపుల్ ఆకు చెక్కిన రాళ్ళ వరుసలో అందరికన్నా చిన్నవాడెవరు? అతని వయసులో చివరి అంకె రాసుకో." ఏంటమ్మా ఇది?

ఉమ: నాలుగంకెల తాళం మామయ్యా. మేపుల్ ఆకు కెనడా వాళ్ళది. అంకెలు కుదిరితే పెట్టె తెరుచుకుంటుంది, లోపల చాక్లెట్లుంటాయి.

మామయ్య: కుర్రాడు చచ్చిపోయిన వయసుతో చాక్లెట్ల పెట్టె తీయిస్తావా? శ్మశానం నుంచి వస్తే కాళ్ళు కడుక్కోందే గడప తొక్కనివ్వని ఇంట్లో పెరిగినదానివి.

ఉమ: కాళ్ళు కడుక్కోమన్నారు గానీ అక్కడున్నవాళ్ళ పేరు ఒక్కటైనా చదవమన్నారా? ఈ పిల్లల్ని ఊరికే తీసుకెళ్తే కాసేపు బుద్ధిగా నడుస్తారు, తర్వాత ఫోన్లు తీస్తారు. రాళ్ళన్నీ ఒకేలా ఉంటే కన్ను దేని మీద ఆగుతుంది? క్లూ ఉంటే గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని మరీ చదువుతారు.

మామయ్య: చదవరు, వెతుకుతారు. మైన్లు వెతికేటప్పుడు నేను భూమినే చూస్తున్నానని అనుకునేవాణ్ణి. సాయంత్రం ఎవరైనా ఆ పొలంలో ఏం పంట వేశారని అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి. వెతికేవాడికి తనకు కావలసింది తప్ప ఇంకేదీ కనబడదు.

ఉమ దగ్గర దీనికి వెంటనే జవాబు లేదు. నాకు మాత్రం అక్కడి సమాధి రాయి గురించి ఒక మాట చెప్పాలని ఉంది. ఎత్తు 81 సెంటీమీటర్లు, వెడల్పు 38, పైఅంచు కాస్త వంపు. అందరికన్నా పైన రెజిమెంటు బ్యాడ్జి. దాని కింద సర్వీసు నంబరు, ర్యాంకు, ఆ తర్వాతే పేరు. కింద దళం, చనిపోయిన తేదీ, వయసు, మతచిహ్నం. అన్నిటికన్నా అడుగున, గడ్డి దాదాపు తాకేచోట, ఇంటివాళ్ళు కోరి రాయించిన మాట. ఖాళీలతో కలిపి 66 అక్షరాలకు మించకూడదు. మొదట్లో అక్షరానికి మూడున్నర పెన్నీలు అడిగారు, తర్వాత ఇష్టముంటేనే ఇవ్వమన్నారు. న్యూజిలాండ్ ప్రభుత్వం తమవాళ్ళ రాళ్ళ మీద ఆ మాటే వద్దంది, అందరి ఇళ్ళూ సమానంగా ఉండాలని. 1917లో ఫేబియన్ వేర్ పూనికతో ఏర్పడిన ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ పట్టుదల కూడా అదే: జనరల్‌కైనా సిపాయికైనా ఒకే కొలత రాయి. డబ్బున్నవాళ్ళు కొడుకు శవాన్ని ఇంటికి తెచ్చుకుంటామన్నా ఒప్పుకోలేదు. కాబట్టి ఉమ చెప్పినట్టు కన్ను జారిపోవడం ఎవరి అశ్రద్ధా కాదు. రాళ్ళు ఒకదాని నుంచి ఒకటి వేరుగా కనబడకూడదనే అలా నిలబెట్టారు.

మామయ్య: సమానమన్న మాట దగ్గరే నాకు మంట. బస్రాలో కట్టిన మెమోరియల్ సంగతి నీకు తెలుసా? మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియాలో పోయి, సమాధి ఎక్కడో తెలియనివాళ్ళ కోసం కట్టారు. బ్రిటిష్ సిపాయిల పేర్లు చెక్కారు. మన అధికారుల పేర్లూ చెక్కారు. మన సిపాయిల దగ్గరికొచ్చేసరికి దళం పేరు రాసి, కింద ఇంతమంది అని ఒక అంకె వేసి ఊరుకున్నారు. మా సాపర్లూ ఆ యుద్ధంలో ఉన్నారు, వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. మనిషిని అంకె చేయడం వాళ్ళకి తెలిసిన విద్యే. ఇప్పుడు నువ్వు పిల్లలకి అదే నేర్పుతున్నావు.

ఉమ: ఆ మాట 2021లో కమిషన్ వేసుకున్న కమిటీయే ఒప్పుకుంది. మొదటి యుద్ధంలో పోయిన ఆసియా, ఆఫ్రికా వాళ్ళలో 45,000 నుంచి 54,000 మందికి అందరితో సమానంగా గుర్తింపు దక్కలేదని, కనీసం ఇంకో 1,16,000 మందికి పేరుతోనో, అసలు ఏ రకంగానో స్మారకమే లేదని రాసింది.

మామయ్య: మరి తెలిసీ అంకెలే అడుగుతున్నావే!

ఉమ: తిప్పి అడిగితే? క్లూలో అంకె నేనే ఇస్తాను. సర్వీసు నంబరు, తేదీ, అంతే. పిల్లలు పేరు తేవాలి. తాళం కూడా అంకెలది తీసేసి అక్షరాలది పెడతాను.

ఇక్కడ నేను ఉమ పక్షం. శ్మశానంలో ఆడటం తప్పా ఒప్పా అన్న ప్రశ్న నాకు పెద్దగా పట్టదు. అదే బ్రూక్‌వుడ్‌లో పార్సీల భాగంలో జంషెడ్జీ టాటా సమాధి ఉంది, జనం ఫొటోలు తీసుకుంటూనే ఉంటారు, అదీ ఒక ఆటే. ఆట చివర చేతికి ఏం మిగులుతుందన్నది అసలు సంగతి. సుబేదారు గారు మాత్రం అంత తేలిగ్గా వదలలేదు.

మామయ్య: బాగుంది. పేరే లేని రాయి వస్తే ఏం తెస్తారు?

ఉమ: దేవుడికి తెలిసినవాడు అని రాసి ఉండేవా? ఆ మాట ఎంచినవాడు రచయిత కిప్లింగ్. పలుకుబడి వాడి, చూపు సరిగ్గా ఆనని కొడుకు జాన్‌ని ఐరిష్ గార్డ్స్‌లో చేర్పించాడు. 1915లో లూస్ దగ్గర ఆ కుర్రాడు కనిపించకుండా పోయాడు, 18 ఏళ్ళు. తండ్రి 1936లో పోయేదాకా సమాధి ఎక్కడో తెలియలేదు. 1992లో, పేరు లేని ఒక ఐరిష్ గార్డ్స్ లెఫ్టినెంట్ రాయి జాన్‌దేనని కమిషన్ తేల్చింది. ర్యాంకు, రెజిమెంటు, శవం దొరికిన చోటు, వీటిని కలిపి కూపీ లాగారు. కొందరు చరిత్రకారులు కాదన్నారు, తర్వాత ఇంకొందరు అవునన్నారు. అది ట్రెజర్ హంట్ కాక మరేమిటి?

మామయ్య: పెద్ద ఇంటి బిడ్డ కాబట్టి అంతమంది కూర్చుని లాగారు. కూలివాడి కొడుకైతే ఎవరు లాగుతారు? అయినా అతనికి రాయైనా ఉంది. మనవాళ్ళని దహనం చేస్తాం, సమాధే ఉండదు. నీ ఆటలో వాళ్ళెక్కడ వస్తారు?

ఉమ: బ్రైటన్ ఆసుపత్రుల్లో పోయిన హిందూ, సిక్కు సిపాయిలు 53 మందిని పక్కనే పాచమ్ కొండ మీద దహనం చేశారు. 1921లో అక్కడ పాలరాతి ఛత్రిని ఆవిష్కరించారు. పేర్లు మాత్రం...

మామయ్య: లేవు. అంతేగా?

ఉమ: 2010లో పక్కన వేరే ఫలకం పెట్టి చెక్కారు.

మామయ్య: ఎనభై తొమ్మిదేళ్ళు పట్టిందన్నమాట. సరే, వాళ్ళ పేర్లు ఏదో కాగితంలో ఉన్నాయి కాబట్టి ఆలస్యంగానైనా ఎక్కాయి. నీ ఆటకి ముందు ఎవరో ఒకరు రాసి ఉంచాలి, దాని లోపం అది. రాసి లేనివాడు నీ పిల్లలకి ఎప్పటికీ దొరకడు.

ఉమ: రాళ్ళ మధ్య ఆడితే దొరకడు, ఒప్పుకుంటాను. మాధవరంలో ఆడితే?

మామయ్య: మాధవరంలో ఏముంది, శ్మశానంలో బూడిద తప్ప?

ఉమ: ఇళ్ళున్నాయి కదా. ఎవరి ముత్తాత ఏ దళంలో పనిచేశాడు, ఎక్కడికి వెళ్ళాడు, తిరిగొచ్చాడా లేదా. డిశ్చార్జి కాగితమో, పతకమో, పింఛను పుస్తకమో ఏ ట్రంకు పెట్టెలోనైనా ఉండకపోదు. బడి పిల్లలకి ఇంటికొక ప్రశ్న ఇచ్చి పంపండి.

మామయ్య: సగం ఇళ్ళవాళ్ళు హైదరాబాదులో ఉన్నారు.

ఉమ: మిగతా సగం ఉన్నారుగా.

మామయ్య: ఉన్నారు. కాగితాలు చెదలు తినేసినా, ఎవరు ఏ సముద్రం దాటి వెళ్ళారో మా వీధి చివర ముసలామె వరసగా చెబుతుంది. ఆవిడకి చెవుడు. గట్టిగా అరిచి అడగగల పిల్లల్ని చూసి పంపాలి.