పోతే తప్పా?

బాసర గుడి ముందు పలకలు పట్టుకున్న పసిపిల్లల వరస దాటి వెళ్ళి గోదావరి మెట్ల మీద కూర్చున్నాం, నేనూ మా అక్క కూతురూ. పోయిన వేసవి సంగతి. ఆర్జీయూకేటీని ఇక్కడందరూ ట్రిపుల్ ఐటీ అనే అంటారు. అందులో రెండేళ్ళ పీయూసీ పూర్తి చేసింది తను. ఇంకో నాలుగేళ్ళు అక్కడే ఇంజనీరింగ్ చదవాలి, లేదంటే ఇప్పుడే బయటికి రావాలి. తనకేమో ఫిజిక్స్ చదవాలనుంది.

"సీటు ఇడిసిపెట్టి పోతే తప్పా చిన్నమ్మా?" అనడిగింది.

ఏ యూనివర్సిటీ మంచిదని అడుగుతుందనుకున్నాను. ఆ జవాబు సిద్ధం చేసుకునే వెళ్ళాను కూడా. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ ఉంది, సీయూఈటీ రాయాలి. తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ళ బీఎస్-ఎమ్మెస్ ఉంది, దాని పరీక్ష వేరు. పీయూసీ ఇంటర్‌తో సమానం కాబట్టి ఈ రెండేళ్ళూ వృథా కావు. ఇంజనీరింగ్‌లో చేరాక మనసు మార్చుకుంటే మాత్రం మళ్ళీ మొదటి ఏడాది నుంచే. క్రెడిట్లు దాచుకునే బ్యాంకొకటి యూజీసీ 2021లో తెచ్చింది. ఖాతాలో క్రెడిట్లుంటే సరిపోతుందా, అవతలివాళ్ళు సీటివ్వొద్దూ?

తను అడిగింది ఇవేవీ కాదు. తప్పా అని అడిగింది.

పక్కింటబ్బాయి ఇలాగే మధ్యలో వరంగల్ ఎన్ఐటీకి వెళ్ళిపోతే "పైకొచ్చిండు" అంటారు. ఆడపిల్ల పోతానంటే "ఉన్న సీటు కాలదన్నుకుంటది" అంటారు. సీటు మగపిల్లాడికి మెట్టు, ఆడపిల్లకి మాత్రం దానం. దానం తీసుకున్నవాళ్ళు కృతజ్ఞతగా పడి ఉండాలి కదా!

అయినా తన ప్రశ్నని అంత తేలిగ్గా కొట్టిపారేయలేకపోయాను. 2008లో ఈ విశ్వవిద్యాలయం పెట్టిందే పల్లెటూరి పిల్లల కోసం. ప్రభుత్వ బడిలో చదివినవాళ్ళ పదో తరగతి జీపీఏకి 0.4 కలిపి ర్యాంకు కట్టేవారు. దాని పేరు డిప్రివేషన్ స్కోరు. ఆ అంకె నాకెప్పుడూ వింతగానే ఉంటుంది. బడి లేమిని కొలిచింది సరే, బడి నుంచి రాగానే తల్లి పక్కన బీడీల చాట ముందేసుకొని కూర్చునే పిల్ల సాయంత్రాల్ని ఏ దశాంశం కొలుస్తుంది? కానీ ఆ 0.4 లేకుంటే మా పిల్ల ఆ గేటు దాటేది కాదేమో. చేర్చుకునేది పదో తరగతి తర్వాతే కనుక, రెండేళ్ళకి తను ఖాళీ చేసిన చోటు ఆనాడు తన వెనకే ఆగిపోయిన పిల్లకి దక్కదు. ఆ పిల్లకి ఉద్యోగం ఎంత అవసరమో! ఈ లెక్క నిజమే. ఇష్టం లేని ఇంజనీరింగ్ నాలుగేళ్ళు చదివితే ఆ బాకీ తీరుతుందా అంటే తీరదు. ఈ వాదన నాకు మరీ అనుకూలంగా ఉందని కూడా తెలుసు.

దుబాయి నుంచి బావ ఫోన్లో అడిగింది ఇంకో లెక్క. ఇక్కడైతే నాలుగేళ్ళు, అక్కడైతే ఐదు. ఆ ఒక్క ఏడాది ఎక్కడి నుంచి తెస్తారని. అది పెళ్ళి వయసులోంచి తీయాల్సిన ఏడాది. తర్వాత, హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారు? హాస్టళ్ళ కర్ఫ్యూల మీద 2015లో ఢిల్లీ అమ్మాయిలు పింజ్రా తోడ్ అంటూ రోడ్డెక్కారు. మా ఇళ్ళలో ఆ కర్ఫ్యూనే మంచి యూనివర్సిటీకి గుర్తు. పిల్ల నన్ను గుసగుసగా అడిగింది వేరు: "రాత్రిపూట లైబ్రరీకి పోనిస్తరా?"

నేను బీఎస్సీ రెండో ఏడాదిలో ఉండగా హైదరాబాదులో ఒక కాలేజీకి మారాలనుకున్నాను. టీసీ ఇవ్వాలంటే నాన్న సంతకం తెమ్మన్నారు ఆఫీసులో. పద్దెనిమిది నిండాయి, ఓటుంది, టీసీ మీద మాత్రం హక్కు లేదు. నాన్న పెట్టలేదు. డిగ్రీ అక్కడే ముగించి, ఎమ్మేకి వచ్చేశాను. నా హాస్టల్ బిల్లుకి డబ్బు పంపింది అక్క. పదో తరగతితో చదువు ఆపేసి బీడీలు చుడుతున్న అక్క. నా పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం మొదటి పేజీలో గైడుకి, లైబ్రరీకి కృతజ్ఞతలున్నాయి. అక్క పేరుంది, కాని బీడీలని లేదు. సిగ్గుపడ్డానా? పడ్డాననే అనుకుంటా.

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో రాసిన పుస్తకమొకటి ఉంది. నచ్చని చోటు నుంచి వెళ్ళిపోవచ్చు, లేదా ఉండి గొంతెత్తవచ్చు అంటాడు. బాసర పిల్లలు రెండోదాన్ని చేసి చూపించారు. 2022 జూన్‌లో 12 డిమాండ్లతో దాదాపు వారం రోజులు ఎండా వానా లెక్క చేయకుండా కూర్చున్నారు, విద్యాశాఖ మంత్రి వచ్చి మాట్లాడేదాకా. ఆ వార్తల్లో అమ్మాయిల్ని చూసి ఎంత పొంగిపోయానో! ఇంట్లో మాత్రం ఆడపిల్ల గొంతెత్తడానికి ముందు బయటికి దారుందని ఇంటివాళ్ళకి తెలియాలి. పోగలిగిన పిల్ల మాటే వింటారు. పోలేనిదాని మాట అరుపవుతుంది. అందుకే నాకు యూనివర్సిటీ పేరుకన్నా, దాని దరఖాస్తు మీద సంతకం ఎవరిదన్నదే ముఖ్యమనిపించింది. మా పిల్ల విషయంలో ఆ సంతకం తనదే కావాలని బావతో గట్టిగానే అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అక్క కట్టలు కడుతోంది. నీ బిడ్డ పోతానంటోంది, నువ్వేమంటావ్ అని అడిగాను. తలెత్తలేదు.

"నువ్వు పోయిననాడు నన్నడిగినవా?"

నేనేమీ అనలేదు. పిల్ల వాకిట్లో నిలబడి వింటోంది. కాసేపటికి అక్కే అంది, ఆ పరీక్ష ఫీజెంతో కనుక్కొమ్మని. ఆ అన్నది నాతో కాదు, కూతురితో.