చెవిని నమ్ముకోకమ్మా

బుజ్జీ, ఆఫీసులో మెయిల్ రాయాలంటే చేతులాడటం లేదన్నావు. తెలుగు మీడియంలో చదవడం వల్లే ఈ అవస్థ అని కూడా అన్నావు. అదేం కాదు. ఇంగ్లీషు గడ్డ మీద పుట్టినవాళ్ళు కూడా అకామొడేషన్‌లో సిలు ఎన్ని, ఎమ్‌లు ఎన్ని అని తడుముకుంటూనే ఉంటారు. రెండేసి. రాసిపెట్టుకో.

విన్నది విన్నట్టు రాయడం మనకు పలక మీదే అలవాటైపోతుంది. ఇంగ్లీషు దగ్గర ఆ అలవాటే కొంప ముంచుతుంది. వెస్ట్‌మిన్‌స్టర్‌లో కాక్స్‌టన్ 1476లో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లమెల్లగా కుదురుకుంటూ వచ్చాయి. జనం నోట పలుకు మాత్రం మారుతూనే పోయింది. గుర్రమెక్కిన వీరుణ్ణి నైట్ అంటారే, అందులో ముందున్న కెని ఒకప్పుడు పలికేవాళ్ళు. నాలుక వదిలేసింది, అచ్చు వదల్లేదు. అప్పు అనే అర్థంలో వాడే డెట్ కథ ఇంకా చిత్రం. ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు దాంట్లో బి లేనే లేదు. లాటిన్ మూలం కనబడాలని పండితులు ముచ్చటపడి దూర్చారు. ఎవరూ పలకని అక్షరాన్ని నువ్వు మరిచిపోతే సిగ్గెందుకు? డిక్షనరీ తీసి చూసుకో, అంతే.

ఒక్కచోట మాత్రం చెవి మాటే వినాలి. ఎ పెట్టాలా, యాన్ పెట్టాలా అన్నది అక్షరాన్ని బట్టి కాదు, పలుకును బట్టి. అవర్ హెచ్‌తో మొదలైనా దాని ముందు యాన్ వస్తుంది. యూనివర్సిటీ యుతో మొదలైనా ఎ చాలు.

ఇక వ్యాకరణం. నువ్వు చేసే తప్పుల్లో సగం తెలుగులో ఆలోచించడం వల్ల వచ్చేవే. ‘దాని గురించి చర్చించాం’ అంటాం కదా, ఆ ‘గురించి’ వెళ్ళి డిస్కస్ పక్కన అబౌట్‌గా కూర్చుంటుంది. తీసెయ్. డిడ్ యూ వెంట్ అనకు. జరిగిపోయిన కాలాన్ని డిడ్ ఒక్కటే మోస్తుంది, వెనక గో చాలు. ఇట్స్‌లో కామా లాంటి ఆ చుక్క పెట్టాలో లేదో తెలియకపోతే ఇట్ ఈజ్ అనో ఇట్ హ్యాజ్ అనో విడదీసి చదువు. అర్థం కుదిరితే చుక్క ఉండాలి.

కలర్‌లో యు ఉంచాలా అని అడిగావు. బ్రిటన్‌లో ఉంటుంది, అమెరికాలో ఉండదు. అమెరికా నిఘంటుకర్త వెబ్‌స్టర్ తన 1828 నిఘంటువులో దాన్ని తీసేశాడు. మీ కంపెనీ ఏది వాడితే అదే వాడు. ఒకే ఉత్తరంలో రెండూ కలిపితేనే ఎబ్బెట్టు.

వాక్యం చివర ప్రిపోజిషన్ రాకూడదని మీ మేనేజరు దిద్దారా? డ్రైడన్ కవి 17వ శతాబ్దంలో లేవదీసిన అభ్యంతరం అది. అదొక మూఢనమ్మకమని ఇంగ్లీషు వాడుక మీద పుస్తకం రాసిన ఫౌలర్ 1926లోనే తేల్చేశాడు. అయినా మేనేజరుతో వాదన పెట్టుకోకు తల్లీ, ప్రొబేషన్ అయ్యేదాకా.

ఫోను గీసే ఎర్రగీతనీ మరీ నమ్మకు. అక్కడ అనే దేర్ బదులు వాళ్ళది అనే దేర్ రాస్తే అది చాలాసార్లు పట్టుకోదు, రెండూ సరైన స్పెల్లింగులే కాబట్టి. పైకి చదివినా దొరకదు, రెండూ ఒకేలా వినిపిస్తాయి. పంపేముందు వేలు పెట్టి మాటమాటా చూసుకో.