పీట యెవరిది?

నులక సడలిన పీటను, పేము తెగిన కుర్చీని ఏమి చేయవలెను? పెరటిలో పడవేయవచ్చును, లేదా పని తెలిసినవానిని పిలిచి తిరిగి అల్లించవచ్చును. ఇది గృహకృత్యమే గాని ధర్మవిచారము కాదని తోచును. అయినను కాయకమునందే కైలాసమును దర్శించిన శరణుల మార్గమున నడచువారికి చిన్నపనియందును పెద్ద ప్రశ్న యిమిడి యుండును.

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలకు నార క్రొత్త కాదు. ఈ ప్రాంతపు గోగునార విదేశ వర్తకమున భీమునిపట్నం జూట్ అను పేర ప్రసిద్ధి కెక్కినది. గోగుకట్టలను చెరువునీట నానవేసి, బెరడు వదులైన పిమ్మట నార ఒలిచి, కడిగి, ఎండబెట్టుదురు. ఆ నారను పేనినచో నులక యగును. ఉద్దానపు కొబ్బరితోటలు పీచు నిచ్చును. ఒక్క నులకచుట్టలో రైతు, కూలి, పేనువాడు మువ్వురి శ్రమయు కలదు.

అల్లువాడు మొదట పాత నులకను విప్పి చట్రపు కీళ్ళను పరీక్షించును. నిలువు పోగులను సమముగా బిగించి, అడ్డుపోగులను ఒకమారు పైకి, ఒకమారు క్రిందికి దూర్చును. పేమునైనచో నీట నానబెట్టి నిలువు, అడ్డము, ఐమూల వరుసలుగా లాగును. ఆరిన పిమ్మట అది బిగిసికొనును. పైభాగము అందరికిని కనబడును. ముడులును అతుకులును అడుగున నుండును. పుచ్చిన నారను అచట దాచినను యజమాని యెరుగడు. కనబడని ఆ అడుగుభాగమే కాయకమునకు గీటురాయి.

కల్యాణ శరణులలో నులియ చందయ్య త్రాళ్ళు పేని, అమ్మి, ఆ రాబడితో జంగమ దాసోహము నడపెను. గడ్డి కోయుచుండగా ఆయన ఇష్టలింగము జారిపడెననియు, ఆయన దానికై నిలువక పోయెననియు, లింగమే వెంటవచ్చెననియు శరణ చరిత్రలు చెప్పుచున్నవి. మడివాళ మాచయ్య నడుమ నిలిచి నచ్చజెప్పగా, లింగమును కాయకము చేయవలెనను నియమముతోనే చందయ్య దానిని స్వీకరించెనట.

ఇష్టలింగము దేహమును వీడరాదనుట ఆచారము గదా, ఇది లింగనింద కాదా యని శంక కలుగును. కాదు. చందయ్య విడిచినది లింగమును గాదు. పూజ పేర పనిని మానవచ్చునను భావమును. ఆ దినము త్రాడు అమ్ముడుపోనిచో ఆకలిగొన్న జంగమునకు అన్నము లేదు. పూజను ఉపేక్షింప నిది అనుమతి కాదు. పూజించువాడు పనికి అతీతుడు కాడను బోధ. లింగమునకే తప్పని కాయకము, ఆసనముపై కూర్చుండు మనకు తప్పునా?

ఇక మన ఇండ్లను చూచుకొందము. అల్లువాడు మధ్యాహ్నము వరకు నడుము వంచి పనిచేయును. పని ముగిసినంతనే యజమాని పీటపై కూర్చుండి బిగువు పరీక్షించును. అల్లినవాడు నేలపై నుండి కూలికై చూచుచుండును. అంతట బేరము మొదలగును. వాని కులమేమని కొందరు విచారింతురు. బసవేశ్వరుని పటము క్రిందనే ఇది జరిగినచో ఆ పటమునకు పెట్టిన విభూతికి అర్థమేమి?

ప్లాస్టిక్ కుర్చీ పేదయింటికి చవుకగా ఆసన మిచ్చినది. దానిని నిందింప పనిలేదు. కాని బాగుచేయదగిన దానిని పారవేయుట యనగా బాగుచేయువాని అన్నమును పారవేయుటయే. చూపులేనివా రెందరో పేము అల్లిక నేర్చి, ప్రభుత్వ కార్యాలయముల కుర్చీలను అల్లి, ఒకరిని యాచింపక జీవించిరి. వారి వ్రేళ్ళే వారికి కన్నులయ్యెను. అట్టి విద్యను హీనమనుట తగదు.

కావున మఠములును గృహస్థులును చేయదగిన పనులు మూడు కలవు. బాగుచేయదగిన దానిని బాగు చేయించవలెను. అడిగిన న్యాయమైన కూలిని బేరమాడక ఈయవలెను. పీట అల్లిక పూర్తియైన పిమ్మట దానిపై మొదట అల్లినవానినే కూర్చుండబెట్టి, దాసోహపంక్తిలో తమ ప్రక్కనే వడ్డింపవలెను. మూడవది చేయలేనివాడు మొదటి రెండును చేసినను, వాని యింట పీట బాగుపడినదేగాని మనస్సు బాగుపడలేదు.