అన్నం పెట్టడం, అన్నం దక్కనివ్వడం

ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం మంచిపని. ఇందులో ఎవరికీ సందేహం లేదు. అయితే ప్రియ పాఠకులారా, ఒక ప్రశ్న. ఒక మనిషి తన తిండి తాను సంపాదించుకునే చోటును మూసివేసి, బదులుగా బియ్యం ఇస్తే, అతనికి అన్నం పెట్టినట్లా, అతని అన్నం తీసుకున్నట్లా?

ఇది మనకు దూరపు ప్రశ్న కాదు. జూరాల నీటితో గద్వాల, వనపర్తి పొలాల్లో వరి పండుతోంది. అదే కృష్ణానది దిగువకు పోయి, నాగర్‌కర్నూలు జిల్లాలో నల్లమల అడవిని ఒరుసుకుని పారుతుంది. ఆ అడవిలో అప్పాపూర్, భౌరాపూర్ వంటి పెంటల్లో చెంచులు నివసిస్తున్నారు. హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త వారిని గురించి 1943లో ఒక గ్రంథం ప్రచురించాడు. ఆనాడు వారి బ్రతుకు చాలావరకు అడవి గడ్డలు, పండ్లు, ఇప్పపువ్వు, తేనె, వేటల మీదే నడిచేది.

వారు తేనె తీసే పద్ధతి చూడండి. కొండచరియ మీదినుంచి తాడు పట్టుకుని దిగాలి. పైన ఆ తాడు పట్టేవాడు బావమరిది. తోడబుట్టినదాని పసుపుకుంకుమలు పోనివ్వడు కనుక అతని చేతిలో ప్రాణం భద్రమని వారి నమ్మకం.

తరువాత చట్టాలు వచ్చాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది. 1983లో ఆ అడవి పులుల అభయారణ్యమైంది. రాష్ట్రం విడిపోయాక మనవైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. పులిని కాపాడటం తప్పు కాదు. పేదకు ఇచ్చే బియ్యమూ చిన్న సాయం కాదు. అంత్యోదయ కార్డుపై కుటుంబానికి నెలకు 35 కిలోలు వస్తాయి. అడవి అన్ని కాలాల్లోనూ కడుపు నింపిందనుకోవడం పొరపాటు. వానలు తప్పిన ఏడు చెంచులు పస్తులున్నారు.

కాని బియ్యం కడుపు నింపినంత మాత్రాన ఒంటికి కావలసినవన్నీ అందవు. గడ్డ ఎక్కడ ఊరుతుందో, ఎంత తవ్వాలో, మళ్ళీ మొలవడానికి ఎంత విడవాలో తల్లి బిడ్డకు నేర్పే విద్య. వాడుక తప్పితే అది ఒక్క తరంలో పోతుంది. ఆ మీదట బియ్యం అందని నెలలో ఆ బిడ్డ అడవి నడుమ ఉండి కూడా ఆకలితో పడుకోవాలి.

భూగోళానికి ఉత్తరపు కొసన, మంచుదేశంలోనూ ఇదే కథ. కెనడాలోని నునావుట్‌లో 25 ఊళ్ళున్నాయి. ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు లేదు. దుకాణం సరుకు విమానంలో రావాలి, లేదా వేసవిలో ఓడ మీద రావాలి. అక్కడి ఇనూయిట్ ప్రజల సొంత తిండి సీలు, కారిబూ జింక, చేప. 2007-08లో జరిగిన సర్వేలో ప్రతి పది ఇనూయిట్ కుటుంబాల్లో దాదాపు ఏడింటికి తిండికి భరోసా లేదని తేలింది. 2011లో మొదలైన ప్రభుత్వ పథకం ముఖ్యంగా దుకాణం సరుకుకే రాయితీ ఇచ్చింది. కొన్నేళ్ళకు వేటకు, చేపలు పట్టడానికీ సాయం చేర్చవలసి వచ్చింది. సరుకు చౌక చేసినంత మాత్రాన చాలలేదు.

మనకూ మార్గం లేకపోలేదు. 2006 అటవీ హక్కుల చట్టం అడవి ఫలసాయం సేకరించుకునే హక్కు ఇచ్చింది. గ్రామసభ సమ్మతి లేకుండా పులుల కోసం ప్రజలను తరలించరాదని కూడా చెప్పింది. అభయారణ్యం విడిచి వచ్చే కుటుంబానికి 2021 నుంచి 15 లక్షల రూపాయల పరిహారం ఉంది. ఇష్టపడి వచ్చేవారిని ఆపవలసిన పని లేదు. అయితే ఆకలికి తాళలేక తల ఊపితే అది సమ్మతి అవుతుందా?

కనుక దానం మానమని నేననడం లేదు. పండుగకు మీ విచారణ నుంచి పెంటలకు బియ్యం మూటలు తీసుకుపోయే ముందు, వారికి ఏమి కొరవడిందో వారినే అడగండి. వారి తేనెకు బేరమాడక న్యాయమైన ధర ఇవ్వండి. తరలింపు మాట వినబడితే, గ్రామసభ కూర్చుందా అని విచారించండి. పైన తాడు పట్టిన బావమరిది తేనె తీసి ఇవ్వడు. దిగినవాడు తన తేనె తాను తీసుకుని క్షేమంగా పైకి వచ్చేదాకా తాడు వదలడు. మన సాయం కూడా అలా ఉండాలి.